బరువు తగ్గే ఆపరేషన్‌కి వెళ్తున్నారా? ఊపిరి కోసం ఏ పరీక్ష, ఏ మిషన్, ఏ ఆసుపత్రి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి బరువు తగ్గే ఆపరేషన్ కోసం విశాఖ వచ్చేవాళ్ళు మొదట అడిగేవి రెండే ప్రశ్నలు. స్లీవా (పొట్టని కత్తిరించి సన్నటి గొట్టంలా చేయడం), బైపాసా (పొట్టని చిన్న సంచిలా చేసి పేగుకి కలపడం)? ప్యాకేజీ ఎంత? ఊపిరి సంగతి అడిగేవాళ్ళు చాలా తక్కువ. ఆపరేషన్ అయినవాళ్ళ మంచాల పక్కన ఊపిరి చూసుకునే పనిలో ఉన్న మనిషిగా నేను చెప్పేది ఒకటుంది. థియేటర్లో గడిచే గంటన్నర, రెండు గంటల గురించి మీరు పెద్దగా చేయగలిగింది లేదు, అది డాక్టర్లు చూసుకుంటారు. కానీ ఆపరేషన్‌కి ముందు కొన్ని వారాల రాత్రులు, తర్వాతి వారం రాత్రులు ఎలా గడవాలన్నది మాత్రం మీ ఎంపిక మీదే ఉంటుంది. ఏ పరీక్ష, ఏ మిషన్, ఏ ఊళ్ళో ఆపరేషన్ అన్నవన్నీ ఆ రాత్రుల్ని దృష్టిలో పెట్టుకునే తేల్చుకోండి.

రాత్రుల గురించి ఎందుకింతగా చెప్తున్నానంటే, పొట్టలోను, ఛాతీ చుట్టూ పేరుకున్న కొవ్వు ఊపిరితిత్తుల్ని నొక్కేస్తుంది. ఊపిరి వదిలేశాక కూడా లోపల కొంత గాలి మిగలాలి. లావుగా ఉన్నవాళ్ళలో అది తక్కువ మిగులుతుంది. వెల్లకిలా పడుకుంటే ఇంకా తగ్గుతుంది, మత్తు ఇస్తే మరీ తగ్గుతుంది. మత్తు ఇచ్చాక గొంతులో గొట్టం వేసేలోపు మనిషిని కాపాడేది ఆ మిగిలిన గాలే. ముందుగా ఆక్సిజన్ బాగా పట్టించాక ఊపిరి ఆగితే, సన్నటి మనిషికి రక్తంలో ఆక్సిజన్ 90 శాతానికి పడిపోవడానికి 8 నిమిషాల దాకా పట్టొచ్చు. బాగా బరువున్న మనిషికి 3 నిమిషాలు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. దీనికి తోడు గొంతు చుట్టూ చేరిన కొవ్వు వల్ల నిద్రలో గాలి దారి మూసుకుపోతుంటుంది. దాన్నే స్లీప్ ఆప్నియా అంటారు. బరువు తగ్గే ఆపరేషన్‌కి వచ్చేవాళ్ళలో సగం మందికి పైగా ఇది ఉంటుంది. వాళ్ళలో చాలామందికి తమకు ఆ జబ్బు ఉందనే తెలీదు, ఎందుకంటే మన ఇళ్ళల్లో గురక పెడితే ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడని సంతోషిస్తాం.

పరీక్ష ఇంట్లోనా, ల్యాబ్‌లోనా?

ముందు డబ్బు ఖర్చు లేని పరీక్ష చేసుకోండి. స్టాప్‌బ్యాంగ్ అని ఎనిమిది ప్రశ్నలు ఉన్నాయి. గట్టిగా గురక వస్తుందా, పగలు నీరసంగా నిద్ర తూగుతుందా, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా, బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) 35 దాటిందా, వయసు 50 దాటిందా, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా, మగవాళ్ళా. అవునన్న ప్రతిదానికీ ఒక మార్కు. రెండు వరకు వస్తే ప్రమాదం తక్కువ, మూడు నాలుగు వస్తే మధ్యస్థం, ఐదు గానీ ఆపైన గానీ వస్తే స్లీప్ ఆప్నియా ఉందనే అనుకుని ముందుకెళ్ళాలి. మెడ కొలతకి టైలర్ టేపు చాలు. చొక్కా కాలర్ 16 అంగుళాలైనా పట్టడం లేదంటే మార్కు పడినట్టే. మూడో ప్రశ్నకి జవాబు మాత్రం పక్కన పడుకునేవాళ్ళనే అడగాలి. సెల్‌ఫోన్‌లో ఐదు నిమిషాల వీడియో తీసి తెస్తే డాక్టరుకి అది ఎంతో పనికొస్తుంది. గురక ఒక్కసారిగా ఆగిపోయి, ఇల్లంతా నిశ్శబ్దమై, మళ్ళీ ఉలిక్కిపడ్డట్టు పెద్ద ఊపిరి తీసుకోవడం ఆ వీడియోలో స్పష్టంగా కనిపిస్తుంది.

మార్కులు ఎక్కువ వస్తే స్లీప్ స్టడీ చేయించాలి. ఇంటికి ఇచ్చి పంపే చిన్న పరికరంలో ముక్కు దగ్గర ఒక గొట్టం, ఛాతీకి ఒక బెల్టు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు ఉంటాయి. మీ మంచం మీదే పడుకోవచ్చు, ఖర్చు తక్కువ, ప్రయాణం తప్పుతుంది. పలాసలోనో, పాలకొండలోనో ఉండేవాళ్ళకి ఇది పెద్ద సౌకర్యం. కానీ ఇది మెదడు తరంగాలు చూడదు. మీరు మెలకువగా దొర్లిన గంటల్ని కూడా నిద్రలో కలిపి లెక్కేస్తుంది కాబట్టి జబ్బుని ఉన్నదానికన్నా తక్కువగా చూపించే అవకాశం ఉంది. ల్యాబ్‌లో చేసే పరీక్షలో నిద్రని సరిగ్గా కొలుస్తారు. అవసరమైతే అదే రాత్రి రెండో సగంలో, గొంతు మూసుకోకుండా గాలి వదిలే సీప్యాప్ మిషన్ పెట్టి ఎంత ప్రెషర్ కావాలో కూడా తేల్చేస్తారు.

నా సలహా ఇది. గురక, ఊపిరి ఆగడం స్పష్టంగా ఉండి, గుండె జబ్బుగాని ఊపిరితిత్తుల జబ్బుగాని లేనివాళ్ళకి ఇంటి పరీక్ష సరిపోతుంది. అందులో ఏమీ లేదని వచ్చినా లక్షణాలు గట్టిగా ఉంటే అక్కడితో ఆగకుండా ల్యాబ్‌కి వెళ్ళండి. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, కాళ్ళ వాపులు ఉన్నవాళ్ళు, పగలు మెలకువగా కూర్చున్నప్పుడే ఆక్సిజన్ తక్కువ చూపిస్తున్నవాళ్ళు నేరుగా ల్యాబ్ పరీక్షే చేయించుకోవాలి.

రిపోర్టులో ఏహెచ్ఐ అనే అంకె చూడండి. గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అన్న లెక్క అది. 5 నుంచి 15 వరకు తక్కువ స్థాయి, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. ఈ కాగితం ఇన్సూరెన్సుకీ అక్కరకొస్తుంది. ఊబకాయం చికిత్సకి డబ్బు ఇవ్వబోమని పాలసీలో రాసి ఉన్నా, బీమా కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం డాక్టరు సలహా మీద చేయించుకునే ఆపరేషన్‌కి, బీఎంఐ 40 గానీ ఆపైన గానీ ఉన్నప్పుడు ఆ మినహాయింపు వర్తించదు. వేరే పద్ధతుల్లో బరువు తగ్గక, బీఎంఐ 35 గానీ ఆపైన గానీ ఉండి తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉన్నా అంతే. వెయిటింగ్ పీరియడ్ అయిందో లేదో మాత్రం పాలసీ తెరిచి చూసుకోండి.

స్లీప్ స్టడీ చెప్పని సంగతి ఒకటుంది, అది రక్త పరీక్షలోనే తెలుస్తుంది. కొందరికి నిద్రలో దారి మూసుకుపోవడమే కాకుండా, పగలు కూడా ఊపిరి చాలక ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంటుంది. అలా పేరుకుంటే రక్తంలో బైకార్బనేట్ పెరుగుతుంది. సిరల్లోంచి తీసే మామూలు రక్తంలో అది 27 గానీ ఆపైన గానీ ఉంటే అనుమానించి, మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి ఏబీజీ అనే పరీక్ష చేస్తారు. కార్బన్ డయాక్సైడ్ 45 దాటితే విషయం తేలినట్టే. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు వాళ్ళు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. కిడ్నీ జబ్బు ముదిరితే బైకార్బనేట్ దానంతటదే తగ్గుతుంది. అంటే ఊపిరి సమస్య ఉన్నా ఆ అంకె మామూలుగా కనబడి మనల్ని మోసం చేయొచ్చు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఎక్కువున్నవాళ్ళు అనుమానం ఉంటే నేరుగా ఏబీజీ చేయమని అడగండి. శ్రీకాకుళం రిమ్స్‌లోనో, నెల్లిమర్ల మిమ్స్‌లోనో, విశాఖ ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రిలోనో ఛాతీ డాక్టర్ని కలిసి ఈ ముక్క చెప్తే వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది.

సీప్యాప్, బైప్యాప్, ఇంట్లో ఉన్న ఆక్సిజన్ మిషన్

"కోవిడప్పుడు కొన్న ఆక్సిజన్ మిషన్ ఇంట్లో ఊరికే పడి ఉంది బాబూ, రాత్రిళ్ళు అది పెట్టేస్తే చాలదా?" ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. చాలదు. 2021లో ఎంతో మంది ప్రాణాలు నిలబెట్టిన మిషనే అది, కాదనను. కానీ గొంతు దారి మూసుకుపోయినప్పుడు ముక్కు దగ్గర ఎంత ఆక్సిజన్ వదిలినా లోపలికి పోదు. కార్బన్ డయాక్సైడ్ పేరుకునే మనిషికైతే ఇంకా ప్రమాదం. ఒట్టి ఆక్సిజన్ పెడితే వేలి క్లిప్పులో 97, 98 చూపించి అందరూ నిశ్చింతగా ఉంటారు, లోపల మాత్రం మనిషి మత్తులోకి జారిపోతుంటాడు. ఆ క్లిప్పుకి కార్బన్ డయాక్సైడ్ కనబడదు. ఆక్సిజన్ కావాలంటే డాక్టరు చెప్తే సీప్యాప్‌కి జతగా పెట్టుకోవాలి, దానికి బదులుగా మాత్రం పెట్టుకోకూడదు.

సీప్యాప్ అంటే ఒకే ప్రెషర్‌తో గాలి వదులుతూ గొంతు మూసుకోకుండా పట్టి ఉంచే మిషన్. 1981లో ఆస్ట్రేలియా డాక్టర్ కొలిన్ సలివన్ దీన్ని పరిచయం చేశారు. మామూలు స్లీప్ ఆప్నియాకి ఇప్పటికీ ఇదే మొదటి ఎంపిక. ఆటో సీప్యాప్ అయితే ఊపిరిని బట్టి ప్రెషర్ తనే పెంచి తగ్గిస్తుంది. బరువు తగ్గే ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళకి నేను ఆటోనే మంచిదంటాను. నెలనెలా బరువు తగ్గుతుంటే కావాల్సిన ప్రెషర్ కూడా తగ్గుతుంది, ప్రతిసారీ విశాఖ వెళ్ళి సెట్ చేయించుకునే బాధ ఉండదు. అయితే కార్బన్ డయాక్సైడ్ పేరుకునేవాళ్ళు, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు డాక్టరు చూడకుండా ఆటో వాడకూడదు.

బైప్యాప్ ఊపిరి పీల్చేటప్పుడు ఎక్కువ ప్రెషర్, వదిలేటప్పుడు తక్కువ ప్రెషర్ ఇస్తుంది. ఊపిరి చాలనివాళ్ళకి తోడుగా ఊపిరి పోస్తుంది. ధర బాగా ఎక్కువ. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువుందని వినగానే షాపువాళ్ళు బైప్యాప్ చేతిలో పెట్టేస్తారు. అందరికీ అది అవసరం లేదు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువుండి తీవ్రమైన స్లీప్ ఆప్నియా కూడా ఉన్నవాళ్ళకి, పరిస్థితి నిలకడగా ఉంటే, ముందు సీప్యాప్‌తోనే మొదలుపెట్టమని 2019లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ అనే ఛాతీ డాక్టర్ల సంఘం సూచించింది. స్లీప్ ఆప్నియా తీవ్రంగా లేకుండా కార్బన్ డయాక్సైడ్ పేరుకునేవాళ్ళకి, ఊపిరి ఆడక ఆసుపత్రిలో చేరినవాళ్ళకి బైప్యాప్ కావాలి. కాబట్టి మిషన్ కొనే ముందు స్లీప్ స్టడీ, ఏబీజీ రెండు కాగితాలూ చేతిలో ఉండాలి. వీలైతే మొదటి నెల అద్దెకి తీసుకుని చూడండి.

మాస్కు దగ్గర ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ముక్కు మాస్కు తేలిక, నోరు తెరిచి నిద్రపోయేవాళ్ళకి ముక్కూ నోరూ కప్పే మాస్కు. మీసాల దగ్గర గాలి కారుతుంటే సైజు మార్చమని అడగండి, బెల్టు బిగించుకుంటూ పోకండి. మిషన్‌లో గాలికి తేమ పట్టించే నీళ్ళ డబ్బాలో బోరు నీళ్ళు పోయకూడదు, డిస్టిల్డ్ వాటరే పోయాలి.

మన వైపు ఆలోచించాల్సింది కరెంటు గురించి. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని ఊళ్ళు మనకి గుర్తే. సీప్యాప్‌కి ఇన్వర్టర్ సరిపోతుంది. నీళ్ళు వేడిచేసే హ్యూమిడిఫయర్ ఆపేస్తే కరెంటు వాడకం బాగా తగ్గి రాత్రంతా వస్తుంది. ఆపరేషన్ తేదీ అక్టోబర్, నవంబర్‌లలో పడితే ఇన్వర్టర్ బ్యాటరీ ముందే చూపించుకోండి.

ఇప్పుడే చేయించుకోవాలా, కొన్నాళ్ళు ఆగాలా?

స్లీప్ ఆప్నియా ఉందన్న అనుమానం ఒక్కటే అయితే దాని కోసం ఆపరేషన్ వాయిదా వేయక్కర్లేదు. జాగ్రత్తలు పెంచి చేయొచ్చు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువుంటేనో, ఊపిరితిత్తుల్లో రక్తపోటు పెరిగి ఉంటేనో, పగలే ఆక్సిజన్ తక్కువుంటేనో మాత్రం ఆగి, కొన్ని వారాలు రోజూ రాత్రి మిషన్ పెట్టుకుని, మళ్ళీ పరీక్ష చేయించుకుని వెళ్ళాలి. మిషన్ ముందే అలవాటైనవాళ్ళు ఆపరేషన్ రాత్రి దాన్ని లాగి పడేయరు. కొత్తగా ఆ రాత్రే మాస్కు పెట్టించుకున్నవాళ్ళు నిమిషానికోసారి తీసేస్తుంటారు.

పొగ తాగేవాళ్ళు మాత్రం తప్పకుండా ఆగాలి. కనీసం నాలుగు వారాల ముందు మానేయాలి, ఇంకా ముందే మానితే మరీ మంచిది. మన తీరం ఊళ్ళల్లో పెద్ద వయసు ఆడవాళ్ళు కొందరు చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. డాక్టరు "సిగరెట్ అలవాటుందా" అనడిగితే లేదంటారు, అడ్డపొగ సంగతి చెప్పరు. పక్కనున్న కొడుకో కోడలో చెప్పాలి. ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి దగ్గర వంట చేసినవాళ్ళు ఆ మాట కూడా చెప్పి, స్పైరోమెట్రీ (మిషన్‌లోకి గాలి ఊదించి ఊపిరితిత్తుల్ని చూసే పరీక్ష) చేయించుకోవాలి.

బరువు తగ్గడానికి మౌంజారో, వెగోవీ లాంటి ఇంజెక్షన్లు వాడుతున్నవాళ్ళు ఆ సంగతి మత్తు డాక్టరుకి కొన్ని వారాల ముందే చెప్పండి. అవి పొట్ట ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తాయి. మత్తు ఇచ్చేటప్పుడు పొట్టలో తిండి మిగిలి ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

దగ్గర ఊరా, విశాఖా?

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. ఆసుపత్రిని పగలు చూసి ఎంచుకోకండి. రాత్రి పన్నెండుకి ఆ వార్డులో ఎవరుంటారు అని అడిగి ఎంచుకోండి. మొదటి రాత్రి ఆక్సిజన్ మానిటర్ నిరంతరం ఉండే మంచం ఇస్తారా, లేక గంటకోసారి వచ్చి చూసి పోయే మామూలు గదా? మా మిషన్ తెచ్చుకుంటే పెట్టనిస్తారా, పెట్టడం తెలిసిన సిస్టర్ రాత్రి డ్యూటీలో ఉంటారా? బైప్యాప్ అవసరమైతే ఆ అంతస్తులో ఉందా? ఏబీజీ రాత్రిపూట కూడా చేస్తారా? వీటికి సరైన జవాబు ఇచ్చే ఆసుపత్రి మీ జిల్లాలో ఉంటే అక్కడే చేయించుకోండి, ఇంటివాళ్ళకి సుళువు. లేకపోతే విజయనగరం నుంచి గంటన్నర, శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం పెద్ద లెక్క కాదు. ఇచ్ఛాపురం వాళ్ళకి విశాఖ 200 కిలోమీటర్ల పైనే, బరంపురం దగ్గర. వాళ్ళు కూడా దూరాన్ని బట్టి కాకుండా ఇవే ప్రశ్నలు రెండు చోట్లా అడిగి తేల్చుకోవాలి.

మత్తు డాక్టర్ని ఆపరేషన్‌కి ముందే ఒకసారి కలవాలి. మత్తు ఇచ్చేటప్పుడు తలవైపు ఎత్తి ఉంచుతారా అని అడగండి. నొప్పికి మార్ఫిన్ లాంటి మందులు వీలైనంత తగ్గిస్తారా అని అడగండి, ఎందుకంటే అవి ఊపిరిని మందగింపజేస్తాయి. వాటికి బదులు పారాసెటమాల్, పొట్ట గోడలో ఇచ్చే నరాల బ్లాకు, డైక్లోఫెనాక్ లాంటి మందులు వాడతారు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకి డైక్లోఫెనాక్ తరహా మందులు పనికిరావు. ఆపరేషన్ చివర కండరాల మత్తు విప్పడానికి సుగమడెక్స్ వాడితే ఊపిరి త్వరగా, పూర్తిగా తిరిగొస్తుంది, ధర ఎక్కువ. పాత మందు నియోస్టిగ్మిన్ చవక, దాన్ని సరిగ్గా కొలిచి ఇవ్వాలి. ఊపిరి సమస్య ఉన్నవాళ్ళకి సుగమడెక్స్‌కి అయ్యే అదనపు ఖర్చు పెట్టదగ్గదే అని నేనంటాను. కానీ అది కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది కాబట్టి కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి సాధారణంగా వాడరు. ఉద్దానం వాళ్ళు క్రియాటినిన్ రిపోర్టు లేకుండా ఈ మాటల్లోకి దిగకూడదు.

స్లీవా, బైపాసా అన్న ప్రశ్నకి ఊపిరి వైపు నుంచి ఒక్కటే చెప్పగలను. గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు ఎక్కువున్నవాళ్ళకి స్లీవ్ తర్వాత అవి పెరగొచ్చు, బైపాస్ తర్వాత సాధారణంగా తగ్గుతాయి. రాత్రిళ్ళు పులుపు గొంతులోకి వచ్చి దగ్గుతూ లేచేవాళ్ళు సర్జన్‌తో ఈ మాట తప్పక చెప్పాలి. సీప్యాప్ గాలి వల్ల కుట్లు విడిపోతాయని భయపెట్టేవాళ్ళుంటారు. ఆపరేషన్ తర్వాత సీప్యాప్ వాడినవాళ్ళలో లీకులు ఎక్కువయ్యాయని పరిశోధనల్లో కనబడలేదు.

బంతులా, నడకా?

ఆపరేషన్ తర్వాత మూడు బంతుల స్పైరోమీటర్ ఇస్తారు. గదుల మీద 600, 900, 1200 అని ఉంటుంది. సెకనుకి అన్ని మిల్లీలీటర్ల గాలి లాగితే ఆ బంతి లేస్తుంది. చాలామంది బుడగ ఊదినట్టు దాన్ని ఊదేస్తారు, ఒక్క బంతీ కదలదు. గాలి లోపలికి పీల్చాలి. మూడూ టక్కున ఎగరేసి వదిలేసేకంటే ఒక్క బంతిని నెమ్మదిగా లేపి మూడు సెకన్లు నిలబెట్టడం మేలు. అయినా దీని మీదే భారం వేయొద్దు. 2017లో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ మీద జరిగిన ఒక పరిశోధనలో, బంతులు ఇచ్చినవాళ్ళకీ ఇవ్వనివాళ్ళకీ తేడా కనబడలేదు. ఆపరేషన్ రోజు సాయంత్రమే లేచి నాలుగడుగులు వేయడం, తలవైపు మంచం ఎత్తి పడుకోవడం, కుట్ల మీద దిండు నొక్కుకుని దగ్గడం, వీటికే నేను మొదటి మార్కు వేస్తాను. బంతులు వీటికి తోడు.

మొదటి రాత్రి గండం దాటాం అనుకుని చాలామంది మిషన్ అటకెక్కిస్తారు. ఆపరేషన్ తర్వాత మొదటి ఒకటి రెండు రాత్రులు గాఢంగా కలలొచ్చే నిద్ర తగ్గిపోయి, తర్వాత ఒక్కసారిగా ఎక్కువవుతుంది. ఆ నిద్రలోనే గొంతు ఎక్కువగా మూసుకుంటుంది. అందుకే ఊపిరి ఆగడం మూడో రాత్రికి అందాకటికంటే ఎక్కువగా ఉండొచ్చు. మూడో రాత్రికి మీరెక్కడుంటారు? డిశ్చార్జి అయి విశాఖలో చుట్టాలింట్లోనో, లాడ్జిలోనో, టెక్కలిలో మీ ఇంట్లోనో ఉంటారు. మిషన్ మీతో రావాలి, పగటి కునుకుకి కూడా పెట్టుకోవాలి. ఒక్కరే పడుకోకూడదు, నిద్రమాత్రలు, మద్యం ముట్టకూడదు. డిశ్చార్జికి తొందరపడి ఒక రోజు ముందే బయల్దేరదామనే ఇంటివాళ్ళకి ఈ మాట చెప్పి ఆపండి.

కారులో వచ్చేటప్పుడు గంటకోసారి ఆపి ఐదు నిమిషాలు నడవండి, కాళ్ళల్లో రక్తం గడ్డకట్టకుండా. ఇంటికొచ్చాక ఆయాసం, ఛాతీలో పొడిచినట్టు నొప్పి, ఒక పిక్క మాత్రమే వాచడం, కదలకపోయినా నాడి 120 దాటడం, జ్వరం, లేపినా సరిగ్గా లేవనంత మగత, వీటిలో ఏది కనబడినా రేపు చూద్దాం అనుకోకుండా 108కి ఫోన్ చేయండి.

నెలలు గడిచి బరువు దిగాక మాస్కు వదులవుతుంది, గురక తగ్గుతుంది, ఇక మిషన్ ఎందుకనిపిస్తుంది. కొందరికి నిజంగానే అవసరం పోతుంది. బాగా తగ్గినా కొందరిలో ఊపిరి ఆగడం ఇంకా మిగిలే ఉంటుంది, గురక తగ్గినంత మాత్రాన అది పోయిందని కాదు. బరువు ఒకచోట నిలిచాక మళ్ళీ స్లీప్ స్టడీ చేయించుకుని, మొదటి రిపోర్టు కూడా పట్టుకెళ్ళి డాక్టరుకి చూపించండి. అప్పటిదాకా మిషన్ ఎవరికీ అమ్మకండి.